‘మామ’ శబ్దం: ఒకే రూపం, వేర్వేరు పుట్టుకలు

రెండు భాషలలో ఒకే ధ్వని గల మాట కనిపించగానే వాటికి చుట్టరికం కలిపే ధోరణి తెలుగు వ్యుత్పత్తి చర్చలలో ఇంకా సమసిపోలేదు. ఆ పద్ధతికి ‘మామ’ శబ్దం గట్టి పరీక్ష. తెలుగువారికి మామ ప్రధానంగా తల్లి తోబుట్టువు. చైనీస్, స్వాహిలీ, కెచువా భాషలలో ఈ రూపానికి అర్థం తల్లి. పారసీకంలో మంత్రసాని. తుర్కీలో పసిబిడ్డకు పెట్టే ఆహారం. జపనీస్‌లో ‘మమ’ అనే మాటకు ‘ఉన్నది ఉన్నట్టు’ అనే భావమూ ఉంది.

జార్జియన్ భాష మరింత ఆశ్చర్యకరమైనది. అక్కడ ‘మామ’ తండ్రి, ‘దెద’ తల్లి. క్రైస్తవ ప్రార్థనలో పరలోకపు తండ్రిని పిలిచేదీ, చర్చి గురువును సంబోధించేదీ ఈ మాటతోనే. మాతృభాషను వారు ‘దెదఎన’ అంటారు. యాకోబ్ గోగెబష్విలి 1876లో వెలువరించిన ప్రసిద్ధ బాలవాచకం పేరూ అదే. మధ్య ఆస్ట్రేలియాలోని పిట్జంట్జట్జర భాషలోనూ ‘మామ’ తండ్రే. ఈ రెండు జాతుల మధ్య సంపర్కాన్ని ఊహించడానికి ఆధారమేదీ లేదు.

జార్జ్ పీటర్ మర్డాక్ 1959లో ప్రకటించిన అధ్యయనం తల్లిదండ్రులను సూచించే 1072 పదాలను పోల్చింది. తల్లిని సూచించే పదాలలో 55 శాతం అనునాసికాలతో కూడినవి కాగా, తండ్రిని సూచించే వాటిలో ఆ వాటా 15 శాతమే. దీనికి రోమన్ యాకొబ్సన్ 1960 నాటి వ్యాసంలో కారణం చెప్పాడు. పాలు తాగే శిశువు నోరు నిండి ఉన్నప్పుడు ముక్కు గుండా వెలువడే సన్నని ధ్వనే క్రమంగా ఆకలిని తెలిపే పిలుపుగా, ఆపై ఆకలి తీర్చే మనిషికి పేరుగా మారుతుంది. తెలుగిళ్లలో అన్నానికి వాడే ‘మంమం’ ఈ దారిలో నడుమ మజిలీ. తుర్కీ మాట అక్కడే ఆగింది. అయితే ఆ 15 శాతాన్నీ మరువరాదు. ధ్వని శిశువుది, దానిని ఎవరికి అంటగట్టాలో నిర్ణయించేది పెద్దలు.

సంస్కృతంలోని ‘మమ’ సంగతి పూర్తిగా వేరు. అది ఉత్తమపురుష సర్వనామానికి షష్ఠీ రూపం. మమత, మమకారం దాని సంతతి. సంకల్పంలో యజమాని చేత పలికించే ఆ మాట నుంచే ‘మమ అనిపించడం’ అనే తెలుగు నుడికారం వచ్చింది. దీనికీ మామకూ ఉన్నది అక్షరాల పోలిక మాత్రమే.

తెలుగు ‘మామ’ అర్థపరిధిని వివాహ నియమం తీర్చింది. మేనమామ, మేనత్త భర్త, భార్య లేదా భర్త తండ్రి — ముగ్గురికీ ఒకే పదం. మేనమామ కూతురినో మేనత్త కూతురినో పెళ్లాడదగిన సమాజంలో మేనమామే పిల్లనిచ్చిన మామ, మేనత్త భర్తా అంతే. లూయిస్ హెన్రీ మోర్గన్ 1871 నాటి గ్రంథపు పట్టికలలోనే తమిళ, తెలుగు బంధువాచకాలు చోటుచేసుకున్నాయి. మేనమామే మేనకోడలిని పెళ్లాడే ఆచారం గుర్తుంటే, పల్లె వ్యవహారంలో భార్య భర్తను ‘మావా’ అని పిలవడం వింతగా తోచదు.

హిందీ ‘మామా’ మేనమామకే పరిమితం; పిల్లనిచ్చిన మామ అక్కడ ‘ససుర్’. సంస్కృతంలో మేనమామకు శిష్టరూపం ‘మాతుల’. పంచతంత్రపు జంతుకథలలో మాత్రం ‘మామ’ అనే సంబోధన వినిపిస్తుంది. దీనిని బట్టి ద్రావిడ పదమే ఆర్యభాషలకు వెళ్లిందని వాదించవచ్చు. కానీ లాలిపదాలు ధ్వనిమార్పు సూత్రాలకు క్రమంగా లొంగవు కనుక రూపసామ్యం ఒక్కటే ఆ వాదాన్ని మోయలేదు. ‘అత్త’నే చూస్తే, గోథిక్ భాషలో అదే రూపానికి అర్థం తండ్రి, అంతమాత్రాన తెలుగుకూ గోథిక్‌కూ బంధుత్వం అంటగట్టలేము. ఆదానం జరిగిందని చెప్పదలచినవారు మామ, అత్త, అల్లుడు, కోడలు అనే పదసముదాయాన్ని మొత్తంగా పోల్చాలి: ఏ అర్థాల జోడింపు ఎక్కడ ఉంది, ఎక్కడ తెగింది అన్నది చూడాలి.

ఆ జోడింపు తెలుగులోనూ సడలుతోంది. పట్టణ వ్యవహారంలో బాబాయికీ మామకూ కలిపి ‘అంకుల్’ వచ్చి చేరింది; పెళ్లి సంబంధం కుదిరే వైపునూ కుదరని వైపునూ వేరుచేసిన గీత ఆ మాటలో లేదు.