పైసా చేతిలో, బిళ్ల నోట్లో

బాలల దినోత్సవం వస్తోందంటే ఆదివారం అనుబంధాలకు రాసేవాళ్లకు ఏటా ఇదే తిప్పలు. నెహ్రూ కోటు మీది గులాబీ అయిపోయింది. జైల్లోంచి కూతురికి రాసిన ఉత్తరాలూ అయిపోయాయి. ఈ ఏడు నా వాటాకు వచ్చింది చిన్ననాటి బిళ్లలు, మిఠాయిలు. చరిత్ర ఉండాలట, తీపి ఉండాలట, ఒకటిన్నర పేజీ దాటకూడదట.

చరిత్ర అన్నాక చెరకుగడ దగ్గర మొదలుపెట్టక తప్పదు. చెరకు రసం నుంచి వచ్చేవాటిని కౌటిల్యుడి అర్థశాస్త్రం ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర అంటూ వరసపెట్టింది. క్రీ.శ. 647లో చైనా చక్రవర్తి తాయ్‌జోంగ్ పంచదార చేసే విద్య నేర్చుకు రమ్మని మగధకు మనుషుల్ని పంపాడు. ఆ తర్వాతి వెయ్యేళ్లను ఒక్క గంతులో దాటేస్తున్నాను. శాసనాలు చెక్కించినవాళ్లు దేవుడి నైవేద్యానికి బెల్లం ఎంత, నెయ్యి ఎంత అని లెక్క రాయించారు గానీ, గుడి బయట నిలబడ్డ పిల్లకాయ ఏం చప్పరిస్తున్నాడో రాయించలేదు. రాయి చెక్కించే స్తోమత వాడికెక్కడిది?

18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో కంపెనీ తోట నడిపిన విలియం రాక్స్‌బర్గ్, రాజమండ్రి ప్రాంతంలో చెరకు ఎలా వేస్తారో, బెల్లం ఎలా వండుతారో ఓపిగ్గా రాసిపెట్టాడు. సుమారు నూరేళ్లకు అదే సామర్లకోటలో పంచదార ఫ్యాక్టరీ లేచింది. 1933లో ఏటికొప్పాక రైతులు సహకార సంఘం కట్టుకుని గానుగ తిప్పారు. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ, 1941లో ఉయ్యూరులో కేసీపీ. మిఠాయి కథలో ఫ్యాక్టరీల పేర్లెందుకంటారేమో. బెల్లంతో ఉండ చుట్టొచ్చు, జీడి లాగొచ్చు గానీ గాజులా మెరిసే ఎర్ర బిళ్ల, పచ్చ బిళ్ల చేయలేం. తెల్ల పంచదార చౌకగా దొరికాకే రంగు బిళ్లకు ఊపిరి వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లికుప్పంలో 1914లో మొదలైన ప్యారీస్ బిళ్లలు, 1929లో బొంబాయి విలేపార్లేలో పుట్టిన పార్లే బిళ్లలు మన కొట్ల దాకా రావడానికి దారి అలా పడింది.

అంతకు ముందూ, ఆ తర్వాత చాలాకాలమూ పల్లెలో పిల్లల మిఠాయి అంటే జీడే. జీడి చేసేవాణ్ని దగ్గర నిలబడి చూసినవాళ్లు మరిచిపోరు. బెల్లం పాకం ముదిరిందాకా కాచి, ఓ బొట్టు నీళ్లలో వేస్తాడు. అది గట్టిపడి టక్కున విరిగితే పాకం కుదిరినట్టు. నూనె రాసిన పళ్లెంలో పోసి, చెయ్యి ఓర్చుకునేంత చల్లారాక ముద్ద చేసి, గుంజకు కొట్టిన మేకుకి తగిలిస్తాడు. లాగుతాడు, మడుస్తాడు, మళ్లీ తగిలిస్తాడు. నల్లగా ఉన్న ముద్ద లోపలికి గాలి చేరేకొద్దీ ఎర్రబడి, చివరికి బంగారు రంగు తిరుగుతుంది. చూస్తున్న పిల్లలకు అది గారడీయే. సన్నగా సాగదీసి, కత్తెరతో ముక్కలు కొట్టి, నువ్వుల్లో దొర్లిస్తాడు. తిరునాళ్లలో, జాతరల్లో కొనేవి ఇవే. జీళ్లవాడు ఊళ్లోకి వచ్చినప్పుడు మాత్రం డబ్బుతో పనిలేదు. కోతల రోజుల్లో దోసెడు వడ్లు, మిగతా రోజుల్లో ఇంట్లో దొరికిన పాత ఇనుప ముక్క. ఇంట్లో దొరికిందా, దొంగిలించిందా అని జీళ్లవాడెప్పుడూ అడగలేదు. పెళ్లి సారెలో వచ్చే పంచదార చిలకలు, తెలంగాణలో హోలీకి పిల్లల మెళ్లో వేసే కుడకల పేర్లు, చక్కెర పేర్లు అయితే కొనుక్కునేవి కావు. పెద్దలు దయతలచి ఇచ్చేవి.

నన్నడిగితే తెలుగు పిల్లల మిఠాయి చరిత్రలో అసలైన రోజు ఏ ఫ్యాక్టరీ పెట్టిన రోజూ కాదు. 1957 ఏప్రిల్ 1. ఆంధ్రప్రదేశ్ పుట్టి అయిదు నెలలు. ఏ చాచా నెహ్రూ పేరున నవంబరులో పిల్లలకు బిళ్లలు పంచుతున్నామో, ఆ నెహ్రూ ప్రభుత్వమే ఆ రోజున రూపాయికి పదహారణాల లెక్క పక్కనపెట్టి నూరు నయాపైసల లెక్క తెచ్చింది. కొత్త నయాపైసా కంచుతో చేసిన బుల్లి నాణెం. రూపాయిలో నూరోవంతు అని హిందీలో దాని మీదే రాసి ఉండేది, ఎవరైనా పొరబడతారేమోనని.

పొరబడ్డారు. రూపాయికి అరవై నాలుగు కాణీలు. దాన్ని నూరుతో సరిపెట్టాలంటే కాణీకి ఒకటిన్నర నయాపైసా పైన ఇంకొంచెం వస్తుంది, అణాకు ఆరుంపావు. పావు నయాపైసా ఎక్కడినుంచి తేవాలి? అందుకని సర్కారు మార్పిడి పట్టిక అచ్చువేసింది. సగానికి మించితే పైకి, లేకపోతే కిందికి. కాణీకి 2, అర్ధణాకు 3, మూడు కాణీలకు 5, అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావలాకు సరిగ్గా 25. పాత నాణేలు, కొత్త నాణేలు కొన్నేళ్లపాటు పక్కపక్కనే చెల్లాయి. పెద్దలు ఈ పట్టికను జేబులో పెట్టుకుని తిరిగారు. పిల్లలు దానిలో ఉన్న కంతను కనిపెట్టారు.

మా మేనత్తకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఆవిడ దగ్గర నాలుగు చిల్లి కాణీలు ఉండేవి, 1943 తర్వాత యుద్ధకాలంలో రాగి ఆదా చేయడానికి నడిమధ్య బెజ్జం పెట్టి వదిలినవి. మొలతాడుకో, పుస్తకం దారానికో గుచ్చుకోవడానికి వీలుగా ఉండేవి. శెట్టిగారి కొట్లో నయాపైసాకో బిళ్ల. నాలుగు కాణీలు ఒక్కసారిగా ఇస్తే అణా కింద లెక్క, ఆరు బిళ్లలు. ఒక్కో కాణీ ఇస్తే పట్టిక ప్రకారం రెండేసి, మొత్తం ఎనిమిది. ఆవిడ ఒక కాణీ ఇచ్చి రెండు బిళ్లలు తీసుకుని, వీధి మలుపు దాకా వెళ్లి, మళ్లీ వచ్చింది. మూడో రాకకు శెట్టిగారికి విషయం అర్థమైంది.

"నాలుగూ ఒక్కసారే తేవచ్చుగా తల్లీ?"

"నాలుగూ ఒక్కసారి గుర్తురాలేదండీ."

ఆయన నవ్వి ఇచ్చేశాట్ట. మా నాన్న సంగతి దీనికి తలకిందులు. పండక్కి తాతయ్య ఇచ్చిన నాలుగణాలు విడివిడి అణాలుగా ఉండటంతో, ఒక్కోటి ఒక్కో రోజు ఖర్చుపెట్టి ఇరవై నాలుగు బిళ్లలే తిన్నాడు. అదే పావలా కాసై ఉంటే ఇరవై అయిదు వచ్చేవి. పోయిన ఆ ఒక్క బిళ్ల కోసం ఆయన ప్రభుత్వాన్ని బతికున్నంతకాలం తిట్టాడు. అన్నాచెల్లెళ్లు ఎక్కడ కలిసినా ఈ లెక్క తిరగేసేవాళ్లు. ఆవిడ మిగుల్చుకున్న రెండు, ఈయన పోగొట్టుకున్న ఒకటి. మా ఇంట్లో దశాంశ పద్ధతి గురించి తెలిసిందంతా ఇదే.

హైదరాబాద్ వైపు పిల్లల పాట్లు ఇంకా పెద్దవి. నిజాం హాలీ సిక్కా 1951లో అచ్చు ఆగిపోయినా 1959 దాకా చట్టం ప్రకారం చెల్లేది. ఏడు హాలీ రూపాయలకు ఆరు ఇండియా రూపాయలు. అంటే 1957 వేసవిలో అక్కడి కుర్రాడి జేబులో నిజాం బిళ్ల, జార్జి రాజు బొమ్మ ఉన్న అణా, మూడు సింహాల నయాపైసా కలిసి గలగలలాడే అవకాశం ఉంది. ఆ మూడింటినీ కలిపి నిమ్మతొనలు ఎన్ని వస్తాయో చెప్పగలిగిన పిల్లవాడు ఆ తర్వాత ఏ పరీక్షకూ భయపడి ఉండడు.

1964 జూన్ 1న పైసాకు ముందున్న నయా ఊడిపోయింది. తర్వాత అల్యూమినియం కాలం. పైసా పలకలా, రెండు పైసలు పువ్వు అంచులా, మూడు పైసలు ఆరు మూలలతో, అయిదు మళ్లీ పలకలా, పది మళ్లీ పువ్వులా. చీకట్లో జేబులో చెయ్యి పెట్టి తడిమి చెప్పేయొచ్చు. 1968లో తామరపువ్వుతో పసుపుపచ్చగా వచ్చిన ఇరవై పైసల బిళ్ల మాత్రం పిల్లల చేతికి రాలేదు. అమ్మలు లక్ష్మీపూజకని దాచేశారు.

ఆ నాణేలతోనే కొట్టులో గాజు సీసాల వరస తెరుచుకుంది. నిమ్మతొనలు, సోంపు బిళ్లలు, పిప్పరమెంట్లు, పక్కన వేరుశెనగ ఉండలు, కొబ్బరి లౌజు, వేళ్లకు తొడుక్కుని ఒక్కోటీ కొరికే పసుపు గొట్టాలు. 1952లో చిత్తూరులో పుట్టిన న్యూట్రిన్ బిళ్లలు కాగితం చుట్టుకుని వచ్చాయి. మహా లాక్టో, ఆసే. మన జిల్లా ఊరి పేరు కాగితం మీద చదువుకుంటూ బిళ్ల నమలడంలో ఓ గర్వం. ఆ కాగితాన్ని పారేసేవాళ్లం కాదు, మెలిపెట్టి బొమ్మలు చేసేవాళ్లం.

వీధిలోకొస్తే బొంబాయి మిఠాయి. నిలువెత్తు కర్ర, దాని కొసన గౌను తొడిగిన బొమ్మ. తాడు లాగితే బొమ్మ చప్పట్లు కొట్టేది. కర్రకు చుట్టిన గులాబీ చారల పాకం నుంచి ఆయన ఓ పోగు లాగి, వేళ్లతోనే మెలితిప్పి వాచీ చేసి మణికట్టుకు చుట్టేవాడు. తేలు కావాలంటే తేలు, విమానం కావాలంటే విమానం. కొసరుగా చెంప మీద చిన్న ముక్క అంటించేవాడు. టైమెంతరా అని పెద్దవాళ్లు అడిగితే, మోచేతి దాకా కారిన వాచీని నాకుతూ సమాధానం చెప్పేవాళ్లం, అది కరిగేలోపు చెప్పాలి మరి. దుమ్ము, చెమట, ఈగలు గురించి ఇప్పుడు మా ఇంట్లో పిల్లలకు చెబితే మొహం చిట్లిస్తారు. నిజమే, మేం బతికి బట్టకట్టడం ఓ విశేషమే.

ఆ తర్వాత కథ చెల్లాచెదురైపోతుంది. 1990లలో ఆర్థిక తలుపులు తెరిచారు, బయటి కంపెనీలు టీవీల్లో పాటలు పాడుతూ వచ్చాయి. గాజు సీసా పోయి ప్లాస్టిక్ డబ్బా వచ్చింది, డబ్బా పోయి దండల్లా వేలాడే ప్యాకెట్లు వచ్చాయి. 2004లో ప్యారీస్ బిళ్లలు కొరియా కంపెనీ లొట్టే చేతికి, 2006లో చిత్తూరు న్యూట్రిన్ గోద్రెజ్ చేతికి వెళ్లాయి, ఆ మరుసటేడు అమెరికా హెర్షీ కూడా చెయ్యి కలిపింది. 2024లో మహారాష్ట్ర రావల్‌గావ్ బిళ్లల పేర్లను రిలయన్స్ 27 కోట్లకు కొనేసింది. ఇరవై ఏడు కోట్లంటే ఈ రోజుల్లో హైదరాబాద్‌లో ఓ మంచి బంగళా ధర. అన్ని తరాల చిన్నతనం ఖరీదు అంతేనా అని ఓ పూట బాధపడ్డాను, మరో పూట మర్చిపోయాను.

అసలు దెబ్బ మళ్లీ నాణెం నుంచే వచ్చింది. 2011 జూన్ 30తో పావలా, దాని కిందివి చెల్లుబాటు కోల్పోయాయి. అప్పటికే కొట్ల ముందు కొత్త సంప్రదాయం పాతుకుపోయింది. రూపాయో, రెండు రూపాయలో చిల్లర లేకపోతే ఓ బిళ్ల చేతిలో పెట్టడం. మా చిన్నప్పుడు నాణెం ఇస్తే బిళ్ల వచ్చేది, ఇప్పుడు బిళ్లే నాణెమైంది. నేనో రోజు సూపర్ బజారులో పోగైన బిళ్లలన్నీ కౌంటర్ మీద పోసి రెండు రూపాయల సబ్బు కవరు ఇమ్మన్నాను. ఆ అమ్మాయి సెక్యూరిటీ వైపు చూసింది. తీసుకునేటప్పుడు చెల్లే నాణెం ఇచ్చేటప్పుడు చెల్లకపోవడం మా మేనత్త విన్నా ఒప్పుకోని లెక్క.

2016లో యూపీఐ వచ్చాక ఆ దొంగ నాణెం కూడా పోయింది. మా వీధి కొట్టాయన కౌంటర్ పక్కన బిళ్లల డబ్బా ఇంకా పెట్టే ఉంచాడు. స్కాన్ చేసి పద్దెనిమిది రూపాయలు సరిగ్గా పద్దెనిమిదే పంపుతుంటే ఆ డబ్బా ఎలా కదులుతుందని ఆయన గొణుగుతాడు. నెలకు రెండు డబ్బాలు పోయేవి, ఇప్పుడు ఒక్కటి పోవడమే గగనమట. నిన్న పాలప్యాకెట్ తీసుకుంటూ ఓ బిళ్ల అడిగాను. డబ్బా వంచి తనో బిళ్ల, నాకో బిళ్ల తీసి, ఒక్క రూపాయికి ఫోన్‌పే చేయొద్దు సార్, పద్దులో రాసుకుంటాను అన్నాడు.