పాత సామాను గట్టిదా, కొత్త సామాను గట్టిదా?

రచ్చబండ దగ్గర కూర్చుంటే ఒక మాట తప్పకుండా వినబడుతుంది. "ఆ రోజుల్లో ఫ్యాను కొంటే ముప్పై ఏళ్లు తిరిగేది, ఇప్పటివి వారంటీ అయిన మర్నాడే పోతాయి" అని. ఇందులో నిజమెంత, భ్రమ ఎంత? నాకు తెలిసిన చరిత్ర చెబుతాను, ఓపికగా చదవండి.

ముందు భ్రమ సంగతి. నాన్నల కాలం నాటి ఫ్యాను ఇంకా తిరుగుతుంటే పాతవన్నీ గట్టివే అనుకుంటాం. అప్పట్లో కాలిపోయి పాత సామాన్ల బండికి వేసినవాటిని ఎవరు లెక్కపెట్టారు? మిగిలిందే కంటికి కనబడుతుంది. అమెరికాలో, కాలిఫోర్నియాలోని లివర్‌మోర్ అనే ఊళ్లో ఫైర్ స్టేషన్లో ఒక బల్బు 1901 నుంచి వెలుగుతోంది. ఆహా అంటాం. కానీ దాన్ని ఆర్పడమే అరుదు. వేస్తూ ఆర్పుతూ ఉంటేనే లోపలి తీగ త్వరగా తెగుతుంది. పైగా అదిప్పుడు ఇచ్చేది నాలుగు వాట్ల వెలుగే. దాని కింద కూర్చుని పిల్లలు చదువుకోలేరు.

అట్లాగని కంపెనీలను నమ్మేయొద్దు. మోసం కూడా జరిగింది. 1924 చివర్లో జెనీవాలో ఓస్రామ్, ఫిలిప్స్ లాంటి పెద్ద బల్బు కంపెనీలు కలిసి ఒక కూటమి కట్టాయి. పేరు ఫీబస్. అప్పటికి 1,500 నుంచి 2,000 గంటలు వెలిగే బల్బులను 1,000 గంటలకు కుదించాలని ఒప్పందం. ఎవరి బల్బైనా ఎక్కువ కాలం వెలిగితే ఆ కంపెనీకి జరిమానా! రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక ఆ కూటమి చెదిరిపోయింది. తక్కువ కాలం వెలిగే బల్బు అదే కరెంటుకు ఎక్కువ వెలుగు ఇస్తుందన్నది వాళ్ల వాదన. అది శాస్త్రప్రకారం నిజమే. కానీ జరిమానాలు వేసుకున్నది మన కళ్ల మీద ప్రేమతో కాదు కదా.

మన దేశం సంగతికి వద్దాం. 1960ల మొదట్లో విదేశీ మిక్సీలు కేకులకు, పండ్ల రసాలకు చేసినవి. మన పప్పు, పచ్చిమసాలా వేస్తే మోటారు కాలిపోయేది. సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు తన ఇంట్లో విదేశీ మిక్సీ పాడైతే, మన వంటకు తట్టుకునే మిక్సీనే తయారుచేశాడు. అదే సుమీత్. అది గట్టిగా నిలిచింది పాతకాలంలో పుట్టినందుకు కాదు, మన పనికి తగ్గట్టు చేసినందుకు.

ఇక అసలు మాట. మన బోరు మోటారు కాలితే ఏం చేస్తాం? పైకి తీసి, వైండింగ్ చేయించి, మళ్లీ దింపుతాం. దాన్ని విప్పొచ్చు, మెకానిక్‌కు తెలుసు, సామాను దొరుకుతుంది. అందుకే అది ఏళ్ల తరబడి నడుస్తుంది. పాత ఫ్యానుదీ ఇదే కథ. కొత్తగా వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాను పాత దాని కరెంటులో సగం కూడా తినదు, అది మేలే. కానీ లోపలి బోర్డు పోతే మన ఊరి మెకానిక్ ఏం చేస్తాడు? మా ఇంట్లో ఒక మిక్సీ అడుగు భాగం స్క్రూలు లేకుండా అతికించేశారు. విప్పాలంటే పగలగొట్టాలి. మనం పోగొట్టుకున్నది ఇనుము కాదు, బాగుచేసుకునే వీలు.

యూరప్‌లో 2021 నుంచి వాషింగ్ మెషీన్ల ముఖ్యమైన విడిభాగాలు పదేళ్లు దొరకాలని నిబంధన పెట్టారు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022లో మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. అందులో వ్యవసాయ పనిముట్లు కూడా ఉన్నాయి. అంటే ఇది మన ట్రాక్టర్ల, స్ప్రేయర్ల గొడవ కూడా.

కాబట్టి ఈసారి కొట్టుకెళ్లినప్పుడు వారంటీ ఒక్కటే అడగొద్దు. రాగి వైండింగా, అల్యూమినియమా? స్క్రూలతో విప్పొచ్చా? విడిభాగం ఎక్కడ దొరుకుతుంది, ఎంత? ఈ మూడూ అడగండి. జవాబు చెప్పలేని కొట్టులో డబ్బు పెట్టకండి.