వెలుగునకు వెలుగే తలుపు తీయుట



ముప్పది యేండ్లు పాఠశాలలో పిల్లలకు నేనొక మాట చెప్పుచుంటిని: "ఎక్స్‌కిరణము నాపునది దాని కడ్డమైన పదార్థమే, వేరొక వెలుగు దాని నేమియు చేయజాలదు." ఆ మాట నిప్పుడు సవరించుకొనవలసియున్నది. నా శిష్యులలో తాతలైనవారును గలరు గనుక, ఈ సవరణ మీ యెదుటనే చెప్పుట న్యాయము.

1895వ సంవత్సరము నవంబరు 8వ తేదీన జర్మనీదేశపు వుర్ట్స్‌బర్గు నగరమున రాంట్జెను పండితుడు ఈ కిరణములను కనుగొనెను. పరమాణువునందు ఎలక్ట్రానులు మెట్లమీద నున్నట్లుండును. అడుగుమెట్టు ఎలక్ట్రానును పైకి లేపుటకు చాలిన శక్తిగల కిరణమును పరమాణువు మ్రింగును. ఈ యాకలి పుట్టుకతో వచ్చినది, మార్పరానిదని నేను నమ్మితిని.

1960లో అమెరికాలో మైమను లేజరును వెలిగించెను. అడుగు కలిపి నడచు సేనవంటిది దాని కాంతి. 1991లో హారిసు పండితుడును సహచరులును స్ట్రాన్షియము ఆవిరిపై లేజరును ప్రసరింపజేసి, ఆవిరి మ్రింగవలసిన వేరొక కాంతిని దాటిపోవునట్లు చేసిరి.

ఎక్స్‌కిరణమున కీ యుపాయము చెల్లునా? ఇచ్చట చిక్కున్నది. అడుగుమెట్టు ఖాళీయైన నియాను పరమాణువు సెకనులో కోటికోట్లవ వంతైనను నిలువదు. అంతలోపల లేజరు తన పని చేయవలెను. కావున మిక్కిలి తీక్ష్ణమైన లేజరు కావలెను: చదరపు సెంటీమీటరునకు పదిలక్షల కోట్ల వాట్లు! 2007లో షికాగో చెంతనున్న ఆర్గాను జాతీయ ప్రయోగశాలవారగు బుట్, సాంత్రా, యంగ్ అను మువ్వురు దీనిని గణించిరి. నియాను 867 ఎలక్ట్రాను వోల్టుల కిరణమును మ్రింగి, ఎలక్ట్రానును పైనున్న ఖాళీమెట్టున కెక్కించును. లేజరు ఆ మెట్టును పొరుగుమెట్టుతో ముడివేసినచో అది రెండుగా చీలి, ఒకటి పైకిని ఒకటి క్రిందికిని జరుగును. పూర్వపు తావున మెట్టు లేదు; ఎక్కించుటకు చోటు లేక పరమాణువు కిరణమును చాలవరకు విడిచిపెట్టును. 2010లో కాలిఫోర్నియాలోని బర్క్లీయందు గ్లోవరును ఆయన తోడివారును చేసిన ప్రయోగము ప్రకటితమై, ఆ గణితము నిజమని చూపెను.

అణువులయెడ మార్గము వేరు. లేజరు వానిని ఒకే దిక్కునకు వరుసదీర్చును. ఆ వరుసకును ఎక్స్‌కిరణపు ఊపునకును గల కోణమునుబట్టి మ్రింగుట హెచ్చుతగ్గులగును. 2008లో ఆర్గానువారే బ్రోమినుగల యొక వాయువున దీనిని చూచిరి.

వైద్యశాలలో దీపము వెలిగించినంతనే ఎముకల చిత్రము చెరుగునని తలపకుడు. ఆ దీపమున కంత బలము లేదు. లేజరు ఆరగనే నియాను మరల ఎప్పటియట్లు మ్రింగును. ఆ తెరచి మూయు క్షణమున ఎక్స్‌కిరణ ప్రవాహమునుండి అతిస్వల్పకాలపు తునుకను కత్తిరించి తీయవచ్చును.