గంపలో బేరం: మన రాయచోటి చిన్న వ్యాపారాల చరిత్ర



చరిత్ర అంటే రాజులదే అనుకుంటాం. నెత్తిన గంప పెట్టుకుని పల్లెలు తిరిగిన మన జేజిలదీ చరిత్రే. మా జేజి బొరుగులు అమ్మేది. డబ్బు లేనోళ్ల దగ్గర చెనిక్కాయలు కొలిపించుకునేది. ఎవరన్నా అడిగితే మాత్రం "నేనేం చేస్తా, ఊరికే ఇంట్లో ఉంటా" అనేది.

మనది వాన మీద బతికే నేల. చెనిక్కాయ ఒక ఏడు పండితే ఇంకో ఏడు ఎండిపోతుంది. అందుకే సేద్యం ఒక్కదాన్నే నమ్ముకోకుండా పాలో, మేకలో, మగ్గమో, అంగడో పక్కన పెట్టుకున్నారు మన పెద్దలు.

1800లో నిజాం మన సీమను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాడు. దత్త మండలాలు అన్నారు. 1807 దాకా థామస్ మన్రో ఇక్కడ కలెక్టరు. అప్పట్లో భూమి శిస్తు కాక మొహతర్ఫా అని ఇంకో పన్ను ఉండేది. మగ్గానికి, అంగడికి, చేతిపనికి కట్టాలి. చిన్న బేరాలు పన్ను వేసేటప్పుడు సర్కారుకు బాగానే కనపడ్డాయన్నమాట.

1876-78 పెద్ద కరువులో గింజల ధర ఆకాశానికి పోయింది. తిండికే లేకపోతే గుడ్డ కొనేదెవరు? మగ్గాలు ఆగిపోయాయి. చేతిలో పని ఉన్నా, కష్టకాలం దాటడానికి నాలుగు రూపాయలు దాచుకునే దారి, తక్కువ వడ్డీకి అప్పు పుట్టే దారి లేకపోతే బేరం నిలబడదని దీన్నుంచి తెలుస్తుంది.

ఆ దారి మనకు చాలా ఆలస్యంగా దొరికింది. 1992లో నాబార్డు 500 సంఘాలతో మొదలుపెట్టి బ్యాంకు అప్పులు ఇప్పించింది. ఆ రోజుల్లోనే నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడిన ఆడోళ్లు పొదుపు వైపు కూడా నడిచారు. 2000లో వెలుగు ఆరు జిల్లాల్లో మొదలైంది. తర్వాత మన కడప జిల్లాకు వచ్చింది. అంతకుముందు మా అమ్మ పొద్దున 90 రూపాయలు తీసుకుని సాయంత్రానికి 100 కట్టేది. లాభమంతా ఆ పదిలోనే పోయేది.

2022 ఏప్రిల్‌లో అన్నమయ్య జిల్లా ఏర్పడి రాయచోటి జిల్లా కేంద్రమైంది. ఆఫీసుల ముందర టీ బంకులు, టిఫిన్ బండ్లు పెరిగాయి. కువైట్‌ నుంచి పంపిన డబ్బుతో కుట్టుమిషన్ కొన్న ఇళ్లూ ఉన్నాయి. ఇడ్లీలు అమ్మే ఒక్క అక్కను చూడండి. బియ్యం అంగట్లో కొంటుంది, కొబ్బరి, మిరపకాయలు సంతలో కొంటుంది, పాత్రలు తోమే మనిషికి కూలి ఇస్తుంది. ఆ డబ్బు మన ఊర్లోనే నాలుగు చేతులు మారుతుంది. దేశం లెక్క చూసినా అంతే. 2022-23లో కేంద్ర ప్రభుత్వ సర్వేలో సేద్యం కాకుండా కంపెనీగా రిజిస్టరు కాని వ్యాపారాలు, చేతిపనులు, సేవలు సుమారు 6.5 కోట్లు తేలాయి. వాటి మీద దాదాపు 11 కోట్ల మంది పని చేస్తున్నారు. చాలావాటిలో కూలికి పెట్టుకున్న మనిషే లేడు, ఇంటోళ్లే.

ఇప్పుడు నా తప్పు చెప్తా. మా సంఘంలో ఒక అక్క చానా ఏళ్లుగా ఇడ్లీలు అమ్ముతాంది. సూక్ష్మ రుణ ప్రణాళిక రాసేటప్పుడు ఆమె వృత్తి దగ్గర నేను "గృహిణి" అని రాశా. అడగను కూడా అడగలేదు. ఆమె వాటా అప్పు తక్కువ వచ్చింది. మిగతాదానికి మళ్లీ రోజు వడ్డీకి పోయింది. మా అమ్మ పడిన కష్టమే నా చేతి రాతతో ఆమెకు వచ్చింది. ఆ పేజీ చూస్తే ఇప్పటికీ బాధే.

మొహతర్ఫా రోజుల్లో పన్ను కోసం లెక్క రాశారు. మనం అప్పు కోసం, మర్యాద కోసం రాసుకుందాం. వచ్చే సమావేశంలో ప్రతి లీడరూ ప్రతి సభ్యురాలినీ "నువ్వు ఏం అమ్ముతావు, ఏం చేస్తావు, రోజుకు ఎంత మిగుల్తుంది" అని అడిగి పుస్తకంలో రాయాలని కోరుతున్నా. "ఊరికే ఇంట్లో ఉంటా" అని ఎవరన్నా అంటే ఇంకోసారి అడగండి.