ఝామా రాయి, హజామ్ ఇంటి ఖాలా

మా నానీమా గుసుల్‌ఖానాలో బకెట్ పక్కన ఎప్పుడూ ఒక నల్ల రాయి ఉండేది. నిజానికి అది రాయి కాదు, ఇటుక. బట్టీలో మరీ ఎక్కువ కాలి, ఉబ్బి, ఒళ్ళంతా చిల్లులు పడ్డ ముక్క. గోడ కట్టే మేస్త్రీ దాన్ని పక్కన పారేస్తాడు, ఆడవాళ్ళు ఏరుకొచ్చుకుంటారు. ఉర్దూ లుగత్‌లో దాని పేరు ఝాఁవా, మన ఇళ్ళల్లో ఝామా. జుమేరాత్ రాత్రి ఇషా అయ్యాక నానీమా గోరువెచ్చటి నీళ్ళ తసలాలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేది. ఇప్పుడు బ్యూటీ పార్లర్‌లో దీన్నే పెడిక్యూర్ అంటున్నారు, వందల రూపాయలు తీసుకుంటున్నారు.

ఈ రివాజ్ మనం అనుకునే దానికన్నా చాలా పాతది. మొహెంజొదారో తవ్వకాల్లో ఒళ్ళు రుద్దుకునే మట్టి బిళ్ళలు దొరికాయి, తక్షశిలలోనూ దొరికాయి. దక్కన్‌లో అమీరుల ఇళ్ళకు వచ్చేసరికి ఆ మట్టి బిళ్ళ ఇత్తడిదైంది. కింది వైపు రుద్దడానికి గరుకు గీతలు, పైన పట్టుకోవడానికి చిలకో, నెమలో, ఏనుగో. కొన్నిట్లో లోపల చిన్న గోలీలు వేసేవారు, రుద్దుతుంటే గలగలమంటుంది. వాటిని ఇవాళ మ్యూజియంలలో అద్దాల వెనక చూస్తున్నాం. రుద్దుకున్న మడమ ఎవరిదో, రుద్దిన చెయ్యి ఎవరిదో మాత్రం ఆ అద్దం మీది చీటీలో ఉండదు.

1526లో ఇబ్రహీం లోదీని ఓడించి ఆగ్రా చేరిన బాబర్‌కు హిందుస్తాన్ మీద ఉన్న షికాయత్‌లలో హమామ్ లేకపోవడం ఒకటి. వెంటనే బాగ్ వేయించి అందులో హమామ్ కట్టించుకున్నాడు. ఎండ, గాలి, దుమ్ము, ఈ మూడింటి బాధా అక్కడ తప్పిందని రాసుకున్నాడు. పాదుషా గనక కట్టించుకోగలిగాడు. ఆవామ్‌కి తసలా, ఝామా చాలు.

మనకు పాదాల సఫాయీ షౌక్ కోసం కాదు, ఫర్జ్. సూరా మాయిదా 6వ ఆయత్‌లో చీలమండల దాకా కాళ్ళు కడగాలని హుకుం ఉంది. ఒక సఫర్‌లో నమాజ్ వేళ దాటిపోతోందని సహాబాలు హడావుడిగా పైపైన తడి చేసుకుంటుంటే, తడవని మడమలకు ఆగ్ ముప్పు ఉందని రసూలుల్లాహ్ (స) గొంతెత్తి హెచ్చరించారు. కాలివేళ్ళ మధ్య చిటికెన వేలు పోనిచ్చి ఖిలాల్ చెయ్యడం కూడా అందుకే నేర్పారు. పగుళ్ళలో మట్టి గట్టిపడ్డ మడమ ఎంత నీళ్ళు పోసినా లోపలికి తడవదు. నానీమా జుమేరాత్ రాత్రే ఝామా ఎందుకు పట్టేదో నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు.

హకీములు ఇందులో వెనకబడలేదు. ఇబ్న్ సీనా (980-1037) తన అల్-ఖానూన్‌లో చర్మం పగుళ్ళకు కూడా చోటిచ్చాడు. యునానీలో మైనం కరిగించి నూనెలో కలిపిన ముద్దను ఖైరూతీ అంటారు. అది యూనానీ భాష నుంచి అరబీలోకి, అరబీ నుంచి మన దవాసాజ్‌ల దాకా నడిచొచ్చిన మాట. నానీమాకి ఆ పేరు తెలీదు. నువ్వుల నూనెలో తేనెమైనం వేసి సన్నటి సెగ మీద కరిగించి డబ్బీలో పోసుకునేది, అంతే.

షాదీ ఇంట్లో మాత్రం ఈ పని వేరేవాళ్ళది. దులహన్‌కి హల్దీ పెట్టే ముందు హజామ్ ఇంటి ఖాలా వచ్చేది. పిల్ల కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని గోళ్ళు తీసి, ఝామాతో మడమలు రుద్ది, మెహందీ పెట్టేది. ‘దువా దో ఖాలా’ అని అందరూ అడిగేవాళ్ళు. కానీ దస్తర్‌ఖాన్ పరిచినప్పుడు ఆమెకు చోటుండేది కాదు. అందరూ తిన్నాక గిన్నెలో పెట్టి పంపేవాళ్ళు. మనలో జాత్-పాత్ లేదని మస్జిదులో అంటాం, నేనూ అన్నాను. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బీసీ-ఇ కింద 14 ముస్లిం సమూహాలకు 4 శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు ఆ జాబితాలో ధోబీ, ఫకీర్, ఖురేషీలతో పాటు హజామ్, నాయీ ముస్లిం పేర్లున్నాయి. ఆ వార్త రాస్తూ నేను మొదట తల్చుకున్నది ఆ ఖాలానే. ఆమె కాళ్ళు ఎలా ఉండేవో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఎప్పుడూ చూడలేదు కాబట్టి.

ఇప్పుడు మా అమ్మీకి షుగర్. ఒకరోజు వేడినీళ్ళలో కాలు పెట్టింది, వేడి తెలియలేదు, బొబ్బ ఎక్కింది. మానడానికి నెలన్నర పట్టింది. షుగర్ వల్ల నరాలు మొద్దుబారితే వేడీ, ముల్లూ రెండూ తెలియవు. అందుకే ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్ళుంటే ఎహ్తియాత్ ఎక్కువ కావాలి. కాళ్ళు నానబెట్టొద్దు. గోరువెచ్చటి నీళ్ళతో కడిగితే చాలు, ఆ వేడి కూడా ఇంకొకరు మోచేత్తో చూడాలి. ఝామా, బ్లేడు దగ్గరికి రానివ్వొద్దు. రోజూ అరికాళ్ళు ఎవరో ఒకరు చూసి పెట్టాలి. పుండు కనిపిస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి.

మిగతావాళ్ళకు నానీమా తరీఖా సరిపోతుంది. పది నిమిషాలు నానబెట్టి, ఝామాతో మెల్లగా, రక్తం వచ్చేలా కాకుండా రుద్దాలి. గోళ్ళు మూలల్లోకి లోతుగా కాకుండా నేరుగా కత్తిరించాలి. తుడుచుకున్నాక మైనం నూనె గానీ, వాజిలిన్ గానీ మడమలకు రాసి పాత మేజోళ్ళు వేసుకుని పడుకోవాలి. వేళ్ళ సందుల్లో మాత్రం రాయొద్దు. రోజుకు ఐదుసార్లు వుజూ చేసేవాళ్ళం, అక్కడ తడి నిలిస్తే ఒరుస్తుంది, దురద పెడుతుంది. ఖిలాల్ చేసిన వేలితోనే తువాలు కొంగు కూడా ఒకసారి పోనివ్వండి.

మా అమ్మీ కాళ్ళు ఇప్పుడు నేనే తుడుస్తాను. మొదటి రోజు సిగ్గుపడి లాక్కుంది. ఇప్పుడు ఇషా అయ్యాక తనే మంచం మీంచి కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చుంటుంది.