ఇంట్లో పిల్లల్ని చూసుకోవడం ఉద్యోగమేనా? ఒక సర్టిఫికెట్ వెనక కథ

అమెరికాలో మీ అక్కో, బాబాయి కొడుకో ఉంటే ‘డే కేర్’ అనే మాట మీరు వినే ఉంటారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకి వెళ్తే చంటిపిల్లని ఎవరు చూడాలి? కొంతమంది పెద్ద సెంటర్లలో చేర్పిస్తారు. ఇంకొంతమంది ఆ చుట్టుపక్కలే ఒకావిడ ఇంట్లో వదిలి వెళ్తారు. ఆవిడ తన సొంత ఇంట్లోనే కొంతమంది పిల్లల్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూసుకుంటుంది. దీన్ని అక్కడ ‘ఫ్యామిలీ చైల్డ్ కేర్’ అంటారు.

మరి ఆవిడ చేసేది ఒక వృత్తా? లేకపోతే ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది కదా అని చేసే పనా? వృత్తే అయితే, ఆవిడకి ఆ పని వచ్చు అని ఎవరు చెప్పాలి? ఈ రోజు ఎపిసోడ్ దీని గురించే.

కొంచెం వెనక్కి వెళ్దాం. రెండో ప్రపంచ యుద్ధం టైంలో మగవాళ్ళు సైన్యంలోకి వెళ్ళారు, ఆడవాళ్ళు ఫ్యాక్టరీల్లోకి వెళ్ళారు. అప్పుడు అమెరికా ప్రభుత్వం లాన్‌హామ్ చట్టం కింద డబ్బులిచ్చి పిల్లల కేంద్రాలు నడిపించింది. యుద్ధం అయిపోయాక 1946లో ఆ డబ్బు ఆపేసింది. అంటే ఏంటి? పిల్లల్ని చూసుకోవడం ప్రభుత్వం దృష్టిలో అవసరానికి వాడుకునే పని. అవసరం తీరిపోతే మళ్ళీ అది అమ్మ పని.

1965లో ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ హయాంలో ‘హెడ్ స్టార్ట్’ మొదలైంది. పేద కుటుంబాల పిల్లల్ని బడికి సిద్ధం చేసే కార్యక్రమం ఇది. మొదటి వేసవిలోనే 5 లక్షల మందికి పైగా పిల్లలు చేరారు. ఇంతమందికి డిగ్రీ చదివిన టీచర్లు ఎక్కడ దొరుకుతారు? చాలా చోట్ల ఆ వీధిలో ఉండే తల్లులే పనిలోకి వచ్చారు. వాళ్ళకి పని వచ్చు, చేతిలో కాగితం మాత్రం లేదు.

ఇక్కడే ఎడ్వర్డ్ జిగ్లర్ వస్తాడు. యేల్ యూనివర్సిటీలో సైకాలజీ ప్రొఫెసర్. 1970లో ఫెడరల్ ప్రభుత్వంలో పిల్లల అభివృద్ధి ఆఫీసుకి మొదటి డైరెక్టర్ అయ్యాడు. ఆయన ఆలోచన చాలా సింపుల్. ఎన్నేళ్ళు చదివారు అని కాదు, పిల్లలతో ఏం చేయగలరు అని చూడాలి. అది దగ్గరుండి చూసి, అప్పుడు సర్టిఫికెట్ ఇవ్వాలి. అలా పుట్టిందే ‘చైల్డ్ డెవలప్‌మెంట్ అసోసియేట్’. పొట్టిగా సీడీఏ.

అసలు ట్విస్ట్ ఇప్పుడుంది. దేశమంతా పిల్లల సంరక్షణ కేంద్రాలు పెట్టే బిల్లు 1971లో అమెరికన్ కాంగ్రెస్‌లో పాసైంది. వాటిల్లో పనిచేయడానికి మనుషులు కావాలి కాబట్టే జిగ్లర్ ఈ ప్లాన్ వేశాడు. కానీ అదే ఏడాది డిసెంబర్‌లో ప్రెసిడెంట్ నిక్సన్ ఆ బిల్లుని వీటో చేశాడు. పిల్లల పెంపకం కుటుంబం చేతిలోంచి జారిపోతుంది అనేది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి. దాంతో కేంద్రాలు రాలేదు, వాటికి రావాల్సిన డబ్బూ రాలేదు. సర్టిఫికెట్ మాత్రం మిగిలింది. 1975లో మొదటి సీడీఏలు ఇచ్చారు.

మొదట్లో ఇది సెంటర్లలో పనిచేసే వాళ్ళకే. ఇళ్ళల్లో పిల్లల్ని చూసే వాళ్ళ వంతు 1980లలో వచ్చింది. 1982లో వాళ్ళకంటూ ఒక జాతీయ సంఘం ఏర్పడింది. 1985లో సీడీఏ బాధ్యత తీసుకోవడానికి ఒక ప్రత్యేక కౌన్సిల్ వచ్చింది. ఇప్పటికీ దాన్ని నడిపేది ఆ కౌన్సిలే.

ఈ సర్టిఫికెట్ రావాలంటే 120 గంటల శిక్షణ, 480 గంటల అనుభవం ఉండాలి. తన పని గురించి ఒక ఫైల్ తయారు చేసుకోవాలి. పిల్లల తల్లిదండ్రులు కూడా ఫారాల్లో తమ అభిప్రాయం రాసి ఇస్తారు. ఒక నిపుణురాలు వచ్చి, ఆవిడ పిల్లలతో ఎలా ఉంటుందో గమనిస్తుంది. పరీక్ష కూడా ఉంటుంది. మూడేళ్ళకోసారి రెన్యూ చేసుకోవాలి.

ఇంట్లో చూసుకునే వాళ్ళకి ఇంకో రూల్ ఉంది. ఐదేళ్ళలోపు పిల్లలు కనీసం ఇద్దరుండాలి, వాళ్ళు తన బంధువులు కాకూడదు. అంటే మనవరాలిని చూసుకునే అమ్మమ్మకి ఇది రాదు. ప్రేమ ఎక్కడిదాకా, ఉద్యోగం ఎక్కడ్నుంచి అనే గీత ఈ రూల్‌తో గీశారన్నమాట.

సరే, సర్టిఫికెట్ వచ్చింది. మరి జీతం? 2023 ప్రభుత్వ లెక్కల ప్రకారం అమెరికాలో చైల్డ్ కేర్ వర్కర్ల మధ్యస్థ వేతనం గంటకి 14.60 డాలర్లు. సొంత ఇంట్లో నడుపుకునే వాళ్ళు అసలు ఆ లెక్కలోకే రారు. కాగితం ఒక్కటే డబ్బు తేదు అని కొంతమంది ముందే గ్రహించారు. 1990లో నార్త్ కరోలినాలో ‘టీచ్’ అనే స్కాలర్‌షిప్ మొదలైంది. చదువుకి డబ్బిస్తారు, చదువు పూర్తిచేస్తే జీతం పెంచుతారు లేదా బోనస్ ఇస్తారు. బదులుగా కొంతకాలం అదే పనిలో ఉండాలి. 2005లో ఇల్లినాయిలో ఇళ్ళల్లో పిల్లల్ని చూసే దాదాపు 49 వేల మందికి యూనియన్ వచ్చింది. రేట్ల గురించి రాష్ట్ర ప్రభుత్వంతో నేరుగా మాట్లాడే అవకాశం దొరికింది.

ఇది మనకి కొత్త కథేం కాదు. మొదటి సీడీఏలు ఇచ్చిన 1975లోనే, అక్టోబర్ 2న మన దేశంలో ఐసీడీఎస్ మొదలైంది. మన అంగన్‌వాడీలు దాంట్లోవే. అక్కడ టీచరమ్మకి వచ్చేదాన్ని జీతం అనరు, ‘గౌరవ వేతనం’ అంటారు. వాళ్ళకి గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు చెప్పింది 2022లో. అంటే 47 ఏళ్ళ తర్వాత. ఆ మరుసటి ఏడాది డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు జీతం, గ్రాట్యుటీ అడుగుతూ సమ్మెకి దిగారు.

ఒకరికి పని వచ్చు అని కాగితం మీద రాసివ్వడం న్యాయమే. జిగ్లర్ చేసింది అదే, మంచి పనే చేశాడు. కానీ ఆ పనికి తగ్గ డబ్బు ఇచ్చే ఏర్పాటు వీటోతో ఆగిపోయింది. ఆ లోటు ఇంకా పూడలేదు. అందుకే ఇక మీదట ఎవరైనా “ఆవిడ ఖాళీగా ఇంట్లోనే ఉంటుంది, పిల్లల్ని చూసుకుంటుంది” అంటే, ఆ ‘ఖాళీగా’ అనే మాట దగ్గర ఒక్క నిమిషం ఆపి అడగండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.