ఓడల కర్మాగార ఛాయాచిత్రాలతో గోడల అలంకరణ

షిప్‌యార్డులు, రేవులు, క్రేన్లు, పాత ఓడలను విడగొట్టే తీరాల ఫోటోలను పెద్దగా ముద్రించి, పటం కట్టించి ఇంట్లో తగిలించుకునే అలంకరణ ఇది. కెరటాలు, సూర్యాస్తమయాల సముద్ర చిత్రాల కోవ వేరు. ఇక్కడ కనిపించేది ఇనుమూ, తుప్పూ, వాటితో పెనుగులాడిన మనిషీ.

ఈ కోవలో మకుటాయమానమైన చిత్రాన్ని 1857లో లండన్ మిల్‌వాల్‌లో రాబర్ట్ హౌలెట్ తీశాడు. ‘గ్రేట్ ఈస్టర్న్’ ఓడను నీటిలోకి దింపడానికి తెచ్చిన భారీ గొలుసుల ముందు, దాని రూపకర్త ఇసాంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్ నిలబడి ఉంటాడు. నోట్లో చుట్ట, జేబుల్లో చేతులు, ప్యాంటుకూ బూట్లకూ బురద. 211 మీటర్ల ఓడ మాత్రం చిత్రంలో కనిపించదు. ఆ గొలుసులను బట్టే దాని బరువు ఊహించుకోవాలి. బొంబాయి–ఏడెన్ సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగను 1870లో పరిచింది ఈ ఓడే.

బెల్‌ఫాస్ట్‌లోని హార్లండ్ అండ్ వుల్ఫ్ యార్డులో రాబర్ట్ వెల్చ్ తీసిన ఫోటోలు నేటికీ విరివిగా అమ్ముడవుతున్నాయి. 1910లో ‘ఒలింపిక్’ను నీటిలోకి దింపినప్పుడు, నలుపు తెలుపు ఫోటోల్లో బాగా పడాలని ఓడకు లేత రంగు పూశారు. దాని తోబుట్టువు ‘టైటానిక్’కు తీసిన ఫోటోలు తక్కువ. అందుకే టైటానిక్ పేరుతో దొరికే పటాల్లో కొన్ని నిజానికి ఒలింపిక్‌వి. కొనేముందు విచారించుకోవాలి.

చిట్టగాంగ్‌లో ఓడలు విడగొట్టే తీరాన్ని ఎడ్వర్డ్ బర్టిన్‌స్కీ 2000 ప్రాంతంలో రంగుల్లో ఫోటోలు తీశాడు. తెలుగువారికి దగ్గరి వస్తువు విశాఖ షిప్‌యార్డు. 1948 మార్చి 14న నెహ్రూ ‘జల ఉష’ ఓడను జలప్రవేశం చేయించింది అక్కడే.

మనిషి లేని ఇనుప చిత్రం కొన్నాళ్లకు గోడలో కలిసిపోతుంది. మూలన ఒక్క కూలీ ఉన్నా చాలు, ప్రొపెల్లరు ఎంతదో తెలుస్తుంది. ఎంపికలో మొదట చూడవలసింది ఇదే. సోఫా మీద ఎత్తుగా కాక, నడవలో కంటి ఎత్తున తగిలిస్తే దగ్గరికెళ్లి చూడవచ్చు.

24×36 అంగుళాల ముద్రణకు కనీసం 3600×5400 పిక్సెళ్ల ఫైలు కావాలి. తుప్పు గరుకుదనం మెరుపులేని కాగితం మీదే తెలుస్తుంది. నిగనిగలాడే కాగితం మీద ఎదుటి కిటికీ ప్రతిబింబిస్తుంది. పిగ్మెంట్ ఇంకు త్వరగా వెలిసిపోదు. తీరప్రాంత ఇళ్లలో గోడ చెమ్మ పటానికి ఎక్కకుండా కింది మూలల్లో చిన్న రబ్బరు ముక్కలు అంటించి, వెనక గాలి ఆడనివ్వాలి. వానాకాలం వెళ్లాక పటం దించి వెనక అట్టకు బూజు పట్టిందేమో చూసుకోవాలి.